ఫ్యాన్ రెగ్యులేటర్‌తో పాము హీట్ మ్యాట్ నడపొచ్చా?

తమ్మీ, ముందు లేచి వెళ్లి ఆ మ్యాట్ ప్లగ్గు తీసెయ్యి, మిగతాది తర్వాత చదువు. గదిలో 20 డిగ్రీలు ఉన్నా ఒక్క రాత్రి చలికి నీ పాముకి ఏమీ కాదు, ఓర్చుకుంటుంది. నువ్వు రాసినట్టు మ్యాట్ నడిస్తే మాత్రం అది కాలడానికి ఒక్క మధ్యాహ్నం చాలు.

నువ్వు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. జడ్చర్లలో మీ ఇంట్లో ఏడాది వయసు బాల్ పైథాన్, అంటే చిన్న జాతి కొండచిలువ, రెండడుగుల గ్లాస్ ట్యాంకు. చలి మొదలైందని కింద 14 వాట్ల హీట్ మ్యాట్, అదే కరెంటుతో వేడెక్కే పల్చటి షీటు, పెట్టావు, వేడి తగ్గించుకోడానికి ఫ్యాన్ రెగ్యులేటర్ కలిపావు. లోపల గ్లాసుకి అతికించిన ముల్లు థర్మామీటర్ 29 చూపిస్తోంది. వేడి చూసుకుని కరెంటు తనే ఆపి, ఇచ్చే థర్మోస్టాట్ అక్కర్లేదన్నాడు అమ్మినాయన. కానీ పాము నాలుగు రోజులుగా నీళ్ల గిన్నె వదలడం లేదు, పొట్ట కింద లేత గులాబీ రంగు కనిపిస్తోంది. రెగ్యులేటర్ చాలదా అన్నా, రెండు వేలు పెట్టి థర్మోస్టాట్ కొనాల్సిందేనా అని నీ ప్రశ్న.

కొనాల్సిందే. రెండు వేలు మాత్రం అక్కర్లేదు, ఆ సంగతి తర్వాత చెప్తా.

నేను మిర్యాలగూడలో రైస్ మిల్లుల ప్యానెల్ బోర్డుల పని చేస్తా. కరెంటుతో పొద్దస్తమానం, ఇంట్లో పాములతో పదకొండేళ్లుగా. రెండిట్లోనూ చేయి కాల్చుకున్నవాణ్ణి కాబట్టి కొంచెం గట్టిగా మాట్లాడితే ఏమనుకోకు.

రెగ్యులేటర్ ఎందుకు పనికిరాదంటే, అది మ్యాట్‌కి వెళ్లే కరెంటును తగ్గిస్తుంది అంతే, ట్యాంకు ఎంత వేడెక్కిందో దానికి తెలియదు. మ్యాట్ తన చుట్టూ ఉన్న గది వేడికి ఇంత అని కలుపుకుంటూ పోతుంది. నువ్వు రెగ్యులేటర్ ఒక దగ్గర ఆపినప్పుడు గది కంటే అది 14 డిగ్రీలు ఎక్కువ ఇస్తోందనుకో. తెల్లవారుజామున ఐదింటికి మీ గది 17 ఉంటే ట్యాంకు అడుగు 31, బ్రహ్మాండం. అదే రోజు మధ్యాహ్నం మూడింటికి స్లాబు వేడెక్కి గది 30కి వస్తే అడుగు 44. రెగ్యులేటర్ ముల్లు కదల్లేదు, నువ్వు ఏమీ ముట్టుకోలేదు, పాము మాత్రం పెనం మీద ఉంది. మన పాలమూరు, నల్గొండ వైపు చలికాలం అంటే ఇదే కదా, పొద్దున స్వెట్టరు, మధ్యాహ్నం ఫ్యాను. పగటికీ రాత్రికీ ఇంత తేడా ఉన్నచోట ఒకే కరెంటు రోజంతా ఇవ్వడమే తప్పు. పొద్దున చలికి చూసి సరిచేస్తే మధ్యాహ్నం కాలుతుంది, మధ్యాహ్నానికి సరిచేస్తే తెల్లారి చల్లబడుతుంది.

ఇంకో సంగతి, ఇది కొంచెం మా పని భాష. ఇప్పుడు వచ్చే స్టెప్ రెగ్యులేటర్లలో ఉండేది కెపాసిటర్లు. అవి 70 వాట్ల ఫ్యానుకి లెక్కేసి పెట్టినవి. 14 వాట్ల మ్యాట్ లాంటి చిన్న లోడు పెడితే ఫ్యానుకి తగ్గినంత దీనికి తగ్గదు. నాలుగులో పెట్టినా మూడులో పెట్టినా మ్యాట్ దాదాపు అంతే వేడెక్కుతుంది. నువ్వు తగ్గించాననుకుంటున్నావు, అది తగ్గలేదు.

ఆ ముల్లు థర్మామీటర్ సంగతి. అది గ్లాసు గోడ మీద ఉంది, అక్కడి గాలిని చెప్తోంది. పాము పడుకునేది గోడ మీద కాదు. మ్యాట్ పైన గ్లాసు 45 ఉన్నప్పుడు కూడా ఆరంగుళాల ఎత్తులో గాలి 29 ఉండొచ్చు, కింద నుంచి వచ్చే వేడి గాలిని పెద్దగా వెచ్చబెట్టదు. నీకు కావాల్సింది ట్యాంకులో పరిచిన కొబ్బరి పొట్టు కింద, గ్లాసును ఆనుకుని ఎంత వేడి ఉందనేది. వైరు చివర ప్రోబ్, అంటే వేడిని పట్టే చిన్న మొన, ఉండే డిజిటల్ థర్మామీటర్ ఒకటి తీసుకో, వీలైతే తాకకుండా దూరం నుంచే వేడి చెప్పే ఐఆర్ గన్ కూడా. కరోనా టైంలో నుదుటికి పెట్టినది పనికిరాదు, అది మనిషి ఒంటి వేడికే లెక్క కట్టి ఉంటుంది. మేము మోటార్ బేరింగులకు వాడేది తీసుకో. మెరిసే వస్తువుల మీద గన్ తప్పు చూపిస్తుందని మాత్రం గుర్తుంచుకో, అల్యూమినియం ఫాయిల్ మీద పెట్టి చూసి చల్లగా ఉందనుకునేరు చాలామంది.

పాము వేడిగా ఉంటే పక్కకి జరగదా అని నువ్వు అడగలేదు గానీ అందరూ అడుగుతారు. జరగదు, నమ్మకం లేదు. పొట్ట కింద నెమ్మదిగా ఎక్కే వేడిని అది ప్రమాదంగా గుర్తుపట్టేసరికి ఆలస్యమైపోతుంది. చలిగా ఉన్న ట్యాంకులో వెచ్చటి చోటు ఒక్కటే ఉంటే కాలుతున్నా అక్కడే పడుకుంటుంది. దాక్కునే గూడు వేడి వైపే ఉంటే ఇంకా ఘోరం. బాల్ పైథాన్‌కి వేడి కంటే దాక్కోవడం ముఖ్యం. అది పుట్టింది పడమటి ఆఫ్రికాలో, ఘనా, టోగో, బెనిన్ వైపు, అక్కడ ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో ఉంటుంది. మన నాగుపాము పుట్టలోకి దూరినట్టే. పుట్టలో ఎండాకాలం మరీ వేడి ఉండదు, చలికాలం మరీ చల్లగా ఉండదు, అలాంటి చోటుకి అలవాటు పడిన జీవం. అందుకని రెండు గూళ్లు పెట్టు, వేడి వైపు ఒకటి, చల్ల వైపు ఒకటి, ఒకేలాంటివి. అట్టపెట్టె కోసి పెట్టినా చాలు.

ఇక నా సంగతి. ఆడ బాల్ పైథాన్ ఒకటి ఉంది మా ఇంట్లో, దాని పేరు సకినం. చుట్టలు చుట్టుకుని పడుకుంటే సంక్రాంతి సకినం లాగే ఉందని మా పెద్దమ్మాయి పెట్టింది. నాకు అప్పటికే థర్మోస్టాట్ ఉంది, పైగా ప్యానెల్ బోర్డులు కట్టేవాణ్ణని గర్వం ఉంది. ప్రోబ్‌ను ట్యాంకు లోపల సక్షన్ కప్పుతో గ్లాసుకి నొక్కి పెట్టాను. జనవరిలో ఒక రోజు సకినం రాత్రంతా తిరిగి ఆ ప్రోబ్‌ను ఊడదీసింది, వైరు సందులోంచి ట్యాంకు బయటికి వేలాడింది. బయట గది 20. థర్మోస్టాట్ పాపం దాని పని అది సరిగ్గానే చేసింది, 20 ఉంది కదా 32 చెయ్యాలి కదా అని మ్యాట్‌ను ఆపకుండా నడిపింది. నేను మిల్లులో ఉన్నా. సాయంత్రం వచ్చి చూస్తే డిస్‌ప్లే మీద 24, గన్ పెడితే అడుగున 47. నాలుగు రోజుల తర్వాత పొట్ట పొలుసులు వరసగా పన్నెండు గోధుమ రంగుకి తిరిగాయి. మూడు కుబుసాలు విడిచాక గానీ అవి సరిగ్గా రాలేదు. హైదరాబాద్‌కి డాక్టరు దగ్గరికి ఎన్నిసార్లు బుట్టలో పెట్టుకుని వెళ్లానో, ఆర్టీసీ బస్సులో పక్కన కూర్చున్నాయన ఏముంది బాబూ అంటే మామిడిపళ్లు అని చెప్పా, జనవరిలో.

అప్పటి నుంచి నేను ప్రోబ్ లోపల పెట్టను. మ్యాట్‌కీ గ్లాసు అడుగుకీ మధ్య, బయటి వైపు, మ్యాట్ సరిగ్గా నడుమ పెట్టి అల్యూమినియం టేపుతో రెండుచోట్ల అంటిస్తా. వైరును ఒక అంగుళం దూరంలో ఇంకోసారి అంటిస్తా, ఎవరి కాలికైనా తగిలి లాగినా ప్రోబ్ కదలకుండా. పాము ముట్టుకోలేదు, నీళ్ల గిన్నె ఒలికినా తడవదు. తడిసిన ప్రోబ్ ఇంకో దొంగ, నీరు ఆరేటప్పుడు చల్లబడి తక్కువ చూపిస్తుంది, మ్యాట్ ఎక్కువ నడుస్తుంది. లోపల ఏ రకం టేపూ వాడకు. పాము పొలుసులకు అంటుకుంటే తీసేటప్పుడు చర్మం లేచివస్తుంది, కాలిన పాముల తర్వాత నేను ఎక్కువ చూసింది అదే.

ప్రోబ్ బయట ఉంటే లోపల గ్లాసు మీద కంటే అది ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది, గ్లాసు మందాన్ని బట్టి. కాబట్టి లోపల పొట్టు కింద విడిగా థర్మామీటర్ పెట్టి చూసుకుంటూ సెట్ చెయ్యి. లోపల వేడి వైపు 31 నుంచి 33, చల్ల వైపు 25 నుంచి 27, రోజూ రాత్రిళ్లు 24 కంటే కిందికి వద్దు. పాము తాకే ఏ చోటూ 35 దాటకూడదు. మొక్కజొన్న పాము, అదే కార్న్ స్నేక్ పెంచేవాళ్లు ఎవరైనా చదువుతుంటే మీకు ఇంకా తక్కువ చాలు, వేడి వైపు 29, 30.

డబ్బుల సంగతి. పాముల కోసమని అమ్మే థర్మోస్టాట్లు ఖరీదే. కానీ నీకు తెలిసిన వాళ్లలో నాటుకోడి గుడ్లు పొదిగించే వాళ్లు ఎవరూ లేరా? మన వైపు ఊరికొకడున్నాడు. వాళ్ల ఇంక్యుబేటర్లో బిగించి ఉండే చిన్న నల్లడబ్బా, ఎర్ర అంకెలు, ఎస్‌టీసీ-1000 అంటారు, కొన్ని వందల్లో దొరుకుతుంది. 220 వోల్టులది అడిగి తీసుకో. లోపల హీటింగ్‌కి ఒక రిలే, అంటే కరెంటును దానంతట అదే కలిపి విడదీసే స్విచ్చు, కూలింగ్‌కి ఒక రిలే ఉంటాయి, నీకు హీటింగ్ చాలు. దాని సెట్టింగుల్లో ఎఫ్1 అంటే కావాల్సిన వేడి, అక్కడ 32 పెట్టు, ఎఫ్2లో తేడా 0.5 పెట్టు, ఎఫ్4 ప్రోబ్ తప్పు చూపిస్తే సరిచేసుకోడానికి. తప్పు చూపిస్తోందో లేదో ఎలా తెలుస్తుందంటావా, స్టీలు గ్లాసులో ఐసు ముక్కలు నలగ్గొట్టి కొంచెం నీళ్లు పోసి ఐదు నిమిషాలు కలుపు, ప్రోబ్ నడుమ వేలాడదియ్యి, 0 చూపించాలి. లేదా గోరువెచ్చటి నీళ్లలో జ్వరం చూసే థర్మామీటర్‌ను, ప్రోబ్‌ను పక్కపక్కనే పెట్టి పోల్చు, రెండోదే మేలు, ఎందుకంటే మనం వాడే వేడికి అది దగ్గర.

ఆ డబ్బాకి ప్లగ్గు రాదు, విడిగా వైరింగ్ చెయ్యాలి. రిలే కాళ్లలోకి కరెంటు దానంతట అది రాదు, మనం ఫేజ్ ఇవ్వాలి, ఇది తెలియక చాలామంది చెడిపోయిన పీసు వచ్చిందని వాపసు పంపుతారు. నీకు కరెంటు పని రాకపోతే వీధిలో ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలువు, అరగంట పని. యూట్యూబ్ చూసి చెయ్యకు. విప్పిన టెర్మినళ్లు 230 వోల్టులు, చేత్తో తగిలేలా వదిలెయ్యకుండా ప్లాస్టిక్ బోర్డు పెట్టెలో బిగించమను. అంత అవస్థ వద్దంటే ప్లగ్గూ సాకెట్టూ రెండూ ఉన్న రెడీమేడ్ కంట్రోలర్లు ఉన్నాయి, కొంచెం ఎక్కువ పడుతుంది, మ్యాట్ ప్లగ్గు దాంట్లో గుచ్చితే అయిపోతుంది.

ఇప్పుడు ఎవరూ చెప్పని ముక్క ఒకటి చెప్తా. రిలే చెడిపోతే ఎక్కువసార్లు ఆన్‌లోనే అతుక్కుపోతుంది. లోపల రెండు లోహపు ముక్కలు కలిసి విడిపోయే చోట చిన్న నిప్పురవ్వ వస్తుంది, వేలసార్లు అయ్యాక అతుక్కుంటాయి. అప్పుడు డిస్‌ప్లే 38, 40, 42 అని నిజమే చెప్తుంది, ఆపడం దాని చేతిలో ఉండదు. మిల్లులో మేము ఒక్క రిలేను ఎప్పుడూ నమ్మం. అందుకని మా ఇంట్లో మ్యాట్‌కి వరసలో రెండు థర్మోస్టాట్లు ఉంటాయి, మొదటిది 32, రెండోది 35. మొదటిది అతుక్కుపోయినా రెండోది కోసేస్తుంది. రెండు ప్రోబులూ వేర్వేరు టేపులతో. పిచ్చి అనుకుంటే అనుకో, ఆ రెండోది ఇప్పటికి ఒక్కసారి పనిచేసింది, ఆ ఒక్కసారికే దాని డబ్బు వచ్చేసింది. ఒక్కటే కొనగలిగితే కనీసం చిన్న మ్యాట్ వాడు. అడుగులో మూడో వంతు కంటే పెద్దది వద్దు. పెద్ద మ్యాట్ పెట్టి థర్మోస్టాట్‌తో తొక్కిపట్టడం కంటే, పూర్తిగా నడిచినా చంపలేని మ్యాట్ ఎప్పుడూ మంచిది.

బోర్డులో ఎక్కువ కరెంటు లాగితే పడిపోయే ఎమ్‌సీబీ స్విచ్చు ఉంది కదా, ఏమైనా అయితే పడిపోతుంది అనుకోకు. 14 వాట్ల మ్యాట్ తీసుకునేది 0.06 ఆంపియర్. అది పాముని కాలుస్తున్నా, కింద చెక్కను మాడుస్తున్నా అంతే తీసుకుంటుంది. 6 ఆంపియర్ల ఎమ్‌సీబీకి అసలు ఇంట్లో మ్యాట్ ఉందని కూడా తెలియదు. షాక్ సంగతి వేరు, నీళ్లు ఉన్నచోట కరెంటు కాబట్టి కరెంటు లీకైతే కోసేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఇంటికి ఉండాలి, పాము ఉన్నా లేకపోయినా. ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీద, ట్యాంకు కింద పెట్టకు, గోడకి ఎత్తున బిగించు. వైరు ట్యాంకు నుంచి తిన్నగా ప్లగ్గులోకి వెళ్లకూడదు, ముందు కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కాలి, అప్పుడు వైరు వెంట జారిన నీళ్లు కింద చుక్కలుగా పడతాయి, సాకెట్లోకి పోవు. ఎలుకలు ఉన్న ఇల్లయితే వైరుకి పైపు తొడుగు. పాము ఉన్న ఇంట్లో ఎలుకలేంటి అని నవ్వకు, మా ఇంట్లో ఉన్నాయి, సకినం గ్లాసులోంచి వాటిని చూస్తుంటుంది.

నువ్వు ట్యాంకు కింద ఏం పెట్టావో రాయలేదు. అక్వేరియం షాపు ట్యాంకు అయితే కచ్చితంగా థర్మోకోల్ షీటు ఉంటుంది, చేపల ట్యాంకుకి అది పెట్టడం అలవాటు. అది తీసెయ్యి. మ్యాట్ వేడి కిందికి పోవడానికి దారి లేక అక్కడే పోగై మ్యాట్ మధ్యలో మాడుతుంది, థర్మోకోల్ కరుగుతుంది. ట్యాంకు నాలుగు మూలలకు రబ్బరు బుడిపెలు పెట్టి అర సెంటీమీటరు లేపు, మ్యాట్ కింద గాలి ఆడాలి, బరువు మ్యాట్ మీద పడకూడదు. మ్యాట్ మడత పెట్టొద్దు, మడిచిన గీత దగ్గర వేడి ఎక్కువ పుడుతుంది. పైన పొట్టు కూడా రెండు వేళ్ల మందం కంటే వద్దు. మందం పెరిగితే పైకి చల్లగా, అడుగున మంటగా ఉంటుంది, పాము వెచ్చదనం కోసం తవ్వుకుంటూ వెళ్లి సరిగ్గా ఆ మంట మీదే పడుకుంటుంది.

మ్యాట్ వెనక లేబుల్ చూశావా? ఇది నేను అందరినీ అడుగుతా. ఆన్‌లైన్‌లో, లేదా అమెరికా నుంచి వచ్చిన బంధువుల పెట్టెలో 110 వోల్టుల మ్యాట్లు వస్తుంటాయి. మన 230కి పెడితే వోల్టేజీ రెట్టింపు పైన, వేడి మాత్రం నాలుగు రెట్లు పైన. 14 వాట్లు అని రాసినది 60 వాట్లు దాటి ఇస్తుంది. పిన్ను మార్చే అడాప్టర్ పెట్టి గుచ్చితే పిన్నే మారుతుంది, వోల్టేజీ మారదు.

బల్బు పెట్టనా అని కూడా చివర్లో రాశావు. కోళ్ల ఫారంలో బ్రూడర్ బల్బులు చూసి వచ్చిన ఆలోచన అయ్యుంటుంది, షాద్‌నగర్ దారిలో చూసే ఉంటావు. కోడిపిల్ల బల్బు కిందకి వస్తుంది, పోతుంది. పాము బల్బుకే చుట్టుకుంటుంది. ట్యాంకు లోపల జాలి గూడు లేకుండా ఏ బల్బూ వద్దు, ఆ జాలి కూడా చెయ్యి పెడితే కాలేంత దగ్గరగా ఉండొద్దు. వెలుగు లేని సిరామిక్ బల్బు మంచిదే గానీ దాని ఒళ్లు రెండు వందల డిగ్రీలు దాటుతుంది, ప్లాస్టిక్ హోల్డర్ కరిగిపోతుంది, పింగాణీ హోల్డర్ తప్పనిసరి, గాలిని బాగా ఆరబెడుతుంది కూడా. రెండడుగుల ట్యాంకుకి, మన చలికి, అంత అవసరం లేదు. ఇక వేడి బండ అని నకిలీ రాయి ఒకటి అమ్ముతారు, కరెంటుతో వేడెక్కేది. ఎవరైనా ఊరికే ఇచ్చినా తీసుకోకు.

పొట్ట గులాబీ రంగు సంగతికి వస్తా. టెన్షన్ పడకు, అది కాలిన గుర్తే కానక్కర్లేదు. బాల్ పైథాన్ కుబుసం విడిచే ముందు పొట్ట అంతా ఒకేలా గులాబీ రంగుకి తిరుగుతుంది, రెండు మూడు రోజుల్లో కళ్లు పాలు పోసినట్టు మసకబడతాయి, నీళ్లలో కూడా పడుకుంటుంది. పాము పేలు పట్టినా నీళ్లలోనే ఉంటుంది, గిన్నె అడుగున మిరియపు పొడి లాంటి నల్ల చుక్కలు కనిపిస్తాయి. కాలితే వేరుగా ఉంటుంది. రంగు మచ్చలు మచ్చలుగా, మ్యాట్ మీద ఆనిన చోటే వస్తుంది, తర్వాత గోధుమ రంగో, బొబ్బలో, తడి తడిగానో మారుతుంది, పొలుసు అంచులు లేస్తాయి. కాలిన మచ్చ అదే రోజు కనిపించదు, మూడు నాలుగు రోజులు పడుతుంది, కాబట్టి ఇవాళ బాగుందని వదిలెయ్యకు. రోజూ పగటి వెలుగులో ఒక ఫోటో తీసుకో, నిన్నటి ఫోటోతో పోల్చు.

కాలిందని తేలితే పసుపు వద్దు, కొబ్బరినూనె వద్దు, మనుషుల కాలిన గాయాల పూత వద్దు. పొట్టు మొత్తం తీసి తెల్ల కాగితం పరువు, పొట్టు గాయానికి అంటుకుంటుంది. నీళ్ల గిన్నె తాగడానికి మాత్రం పట్టేంత చిన్నది పెట్టు. తర్వాత హైదరాబాద్‌లో పాములూ తాబేళ్లూ చూసే వెటర్నరీ డాక్టరును ఫోన్లో పట్టుకుని బయల్దేరు. మన ఊళ్ల పశువుల ఆసుపత్రి డాక్టర్లు మంచివాళ్లే, కానీ వాళ్ల చేతికి రోజూ వచ్చేది గేదెలు, గొర్రెలు. మందు మోతాదు పాముకి వేరు.

థర్మోస్టాట్ వచ్చాక వెంటనే పాముని పెట్టకు. రెండు రోజులు పాముని గాలి రంధ్రాలున్న ప్లాస్టిక్ డబ్బాలో, ఇంట్లో వెచ్చటి గదిలో ఉంచి, ట్యాంకును ఖాళీగా నడుపు. తెల్లవారుజామున ఐదింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి పొట్టు కింద వేడి రాసుకో. అలారం పెట్టుకుని లేవాల్సిందే. రెండిటికీ తేడా రెండు డిగ్రీల లోపు ఉంటే సరే. తర్వాత వారానికోసారి గన్ పెట్టి చూడు, నెలకోసారి టేపు ఊడిందేమో వంగి చూడు. తిండి పెట్టాక రెండు రోజులు వేడి తప్పకూడదు, చల్లబడితే లోపల ఎలుక అరగక కక్కేస్తుంది. రాత్రి కరెంటు పోతే కంగారు పడకు, ట్యాంకు మీద గాలి ఆడేలా దుప్పటి కప్పు, మరీ ఎక్కువసేపయితే గోరువెచ్చటి నీళ్ల సీసా తువ్వాలులో చుట్టి ఒక మూల పెట్టు.

నిజానికి మన దగ్గర మ్యాట్ పని నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. అసలు పరీక్ష ఏప్రిల్‌లో మొదలవుతుంది. మేలో నల్గొండ 44, 45 తాకడం మనకేం కొత్త కాదు, జడ్చర్ల కాస్త ఎత్తున ఉన్నా పెద్ద తేడా ఏమీ ఉండదు. థర్మోస్టాట్ వేడిని ఆపగలదు గానీ చల్లబరచలేదు. పై అంతస్తు స్లాబు గదిలో పాము ఉంటే మార్చిలోనే కింది గదికి దించు, కిటికీ ఎండ ట్యాంకు మీద పది నిమిషాలు పడినా చాలు, గ్లాసు పెట్టె ఓవెన్ అవుతుంది. గదిలో కూలర్ నడిస్తే మేలు, మన గాలి పొడిది కాబట్టి బాగా పనిచేస్తుంది, కానీ గాలి నేరుగా ట్యాంకు మీదికి కొట్టనీకు. ప్లాస్టిక్ గిన్నె తీసేసి వెడల్పాటి మట్టి మూకుడు పెట్టు. మరీ మండే మధ్యాహ్నాల్లో గడ్డకట్టిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి ట్యాంకు బయట, చల్ల వైపు గోడకి ఆనించు, లోపల ఐసు వద్దు.

కాగితాల సంగతి ఒక్క మాట. బాల్ పైథాన్ మన దేశపు పాము కాదు, వన్యప్రాణుల వ్యాపారం మీద దేశాలన్నీ చేసుకున్న సైటిస్ ఒప్పందం జాబితాలో ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించాక అది నాలుగో షెడ్యూలు కిందికి వచ్చింది, 2024లో వచ్చిన రూల్స్ ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చెయ్యాలి. అమ్మినాయన కాగితాలు ఇచ్చాడో లేదో చూసుకో. మ్యాట్ కొన్నావు కదా అని ఎవరైనా పొలంలో దొరికిన కొండచిలువనో, రెండు తలల పామునో తెచ్చి పెంచమంటే మాత్రం చేతులు జోడించి పంపెయ్యి, మన పాముల్ని ఇంట్లో పెట్టుకోవడం నేరం, జైలు దాకా పోతుంది.

నువ్వు ఇప్పుడు చెయ్యాల్సింది మ్యాట్ వెనక లేబుల్ ఫోటో, ట్యాంకు అడుగు ఫోటో, పాము పొట్ట ఫోటో, మూడూ పగటి వెలుగులో తీసి పెట్టు. వోల్టులు ఎంత రాసి ఉందో చూసి చెప్తా, అప్పటిదాకా ప్లగ్గు తీసే ఉండనీ.